సబ్‌ప్యాకేజీలు ఏమేం ఉన్నాయో పైథాన్‌నే అడిగి తెలుసుకోవడం

జూన్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చునే అబ్బాయి. "అక్కా, కొత్త ప్రోగ్రామ్ తెరవంగానే ఇంగ్లిష్‌లో ఏందో పొడుగ్గా వస్తా ఉండాది. తూకం చీటీ రాలేదు. బయట ట్రాక్టర్లు వరసగా ఉండాయి."

నేను తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఉంటాను. అక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు, కాబట్టి ఇక్కడ కూర్చుని తెరిచి చూసే వీలు లేదు. చివరి వరుస చదవమన్నాను. "నో మాడ్యూల్ నేమ్డ్, మండి డాట్ తూకం డాట్ కాటా" అని చదివాడు. మండి నేను రాసిన ప్యాకేజీ. తూకం దాని లోపలి సబ్‌ప్యాకేజీ, కాటా దానికి కూడా లోపలిది. మధ్యాహ్నం దాకా నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన కాటా అక్కడ లేనే లేదంటోంది పైథాన్.

తోతాపురి లోడుతో దామలచెరువు వైపు నుంచో బంగారుపాళ్యం వైపు నుంచో వచ్చిన రైతు తూకం పడితే గానీ ఇంటికి పోలేడు. ఆ రాత్రి నాకు వచ్చిన టెన్షన్ అంతా ఆ ట్రాక్టర్ల వరుస గురించే. అందుకే ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత వెర్షన్ వీల్ ఫైల్‌ను (ప్యాకేజీ అంతా మూటకట్టిన ఫైలు) పిప్‌తో, అంటే పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే సాధనంతో, మళ్ళీ ఎక్కించమన్నాను. పది నిమిషాల్లో చీటీలు మొదలయ్యాయి. కానీ పాతది ఎక్కించే ముందు రెండే రెండు వరుసలు కొట్టించి జవాబు రాసుకున్నాను. ఏం పోయిందో అప్పుడే చూడకపోతే తెల్లారాక చూడటానికి ఏమీ మిగలదు.

ఆ వరుసలు ఫోన్‌లో ఒక్కో ముక్కా చెప్పి కొట్టించినవి. ఇక్కడ కూడా కోడ్‌ను అలా పలికినట్టే రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి. డండర్ అన్న చోట ఆ మాటకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు పెట్టాలి. చుక్కను డాట్ అంటున్నాను.

ముందు పేర్ల సంగతి. పైథాన్‌లో డాట్ పై ఫైలు ఒక్కోటీ ఒక మాడ్యూల్. మాడ్యూళ్ళున్న ఫోల్డర్ ప్యాకేజీ. ఆ ఫోల్డర్‌లో మామూలుగా డండర్ ఇనిట్ డాట్ పై అనే ఫైలు ఉంటుంది, అది ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ప్యాకేజీలో ఇంకో ప్యాకేజీ ఉంటే అది సబ్‌ప్యాకేజీ. ప్యాకేజీకీ మామూలు మాడ్యూల్‌కూ తేడా కనిపెట్టడం తేలిక: ప్యాకేజీకి డండర్ పాత్ అనే గుణం ఉంటుంది, మాడ్యూల్‌కు ఉండదు. లోపలివాటిని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే దారుల వరుస అది. ఇకపై చేసే పనంతా ఈ డండర్ పాత్ మీదే నడుస్తుంది.

చాలామంది మొదట డైర్ వాడతారు. ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, డైర్ బ్రాకెట్లో దాని పేరు పెట్టి చూస్తారు. సబ్‌ప్యాకేజీలు కనిపించకపోతే అవి లేవనుకుంటారు. డైర్ చూపించేది ఆ క్షణానికి ఆ వస్తువుకు తగిలించి ఉన్న పేర్లను మాత్రమే. ఎవరూ ఇంపోర్ట్ చేయని సబ్‌ప్యాకేజీ అందులోకి రాదు. పైథాన్‌తో పాటే వచ్చే ఎక్స్ఎంఎల్ ప్యాకేజీతో మీరే చూడండి. దానిలో డామ్, ఈట్రీ, పార్సర్స్, శాక్స్ అని నాలుగు సబ్‌ప్యాకేజీలున్నాయి. కొత్తగా పైథాన్ తెరిచి ఉత్త ఎక్స్ఎంఎల్‌ను ఇంపోర్ట్ చేసి డైర్ అడిగితే ఆ నాలుగూ విడి పేర్లుగా రావు. ఎక్స్ఎంఎల్ డాట్ డామ్‌ను ఇంపోర్ట్ చేసి మళ్ళీ అడిగితే అప్పుడు డామ్ చేరుతుంది. డైర్ జాబితా మనం అప్పటిదాకా ఏం చేశామన్నదాన్ని బట్టి మారుతుంది. జాబితా తీయడానికి అది పనికిరాదు.

అసలు సాధనం పీకేజీయుటిల్ అనే మాడ్యూల్. పి, కె, జి, వెంటనే యుటిల్. అంతా చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండదు. పైథాన్‌తోనే వస్తుంది కాబట్టి ఇంటర్నెట్ లేని కాటా గదిలో కూడా దొరుకుతుంది. ఆ అబ్బాయి చేత కొట్టించినవి ఇవే:

ఇంపోర్ట్ పీకేజీయుటిల్, కామా, మండి డాట్ తూకం

చదరపు బ్రాకెట్, మామూలు బ్రాకెట్, ఎం డాట్ నేమ్, కామా, ఎం డాట్ ఇజ్‌పీకేజీ, మామూలు బ్రాకెట్ మూసి, ఫర్ ఎం ఇన్ పీకేజీయుటిల్ డాట్ ఐటర్ అండర్‌స్కోర్ మాడ్యూల్స్, బ్రాకెట్, మండి డాట్ తూకం డాట్ డండర్ పాత్, బ్రాకెట్ మూసి, చదరపు బ్రాకెట్ మూసి, ఎంటర్.

ఐటర్ మాడ్యూల్స్ ఇచ్చే ఒక్కో జవాబులో మూడు విషయాలుంటాయి: ఆ మాడ్యూల్‌ను కనిపెట్టిన ఫైండర్, దాని పేరు, అది ప్యాకేజీయా కాదా. 3.6 నుంచి వీటిని పేర్లతోనే అడగొచ్చు. సబ్‌ప్యాకేజీలు మాత్రమే కావాలంటే చివర "ఇఫ్ ఎం డాట్ ఇజ్‌పీకేజీ" తగిలిస్తే సరిపోతుంది. ఎక్స్ఎంఎల్ మీద నడిపి చూడండి, నాలుగు పేర్లూ అక్షర క్రమంలో వస్తాయి.

దీనిలో నాకు బాగా నచ్చినది, లోపలి కోడ్‌ను ఇది నడపదు. పైనున్న ప్యాకేజీని మనం ఇంపోర్ట్ చేస్తాం, అంతే. కింద ఉన్నవాటిని ఫోల్డర్ తెరిచి చూసి పేర్లు చెబుతుంది, వాటిని ఇంపోర్ట్ చేయదు. నడుస్తున్న మెషీన్ మీద భయం లేకుండా వాడొచ్చు.

దీని దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. దారిని లిస్ట్‌గా ఇవ్వాలి. ఫోల్డర్ పేరును ఉత్త స్ట్రింగ్‌గా ఇస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. రెండోది ఇంకా ప్రమాదం: లిస్ట్‌గానే ఇచ్చి అందులో దారి తప్పు రాస్తే, లేని ఫోల్డర్ పేరు పెడితే, ఎర్రర్ రాదు. ఖాళీ జాబితా వస్తుంది. ప్యాకేజీలో ఏమీ లేదని మనం నమ్మేస్తాం. అందుకే దారిని చేత్తో రాయకండి, ప్యాకేజీ డండర్ పాత్‌నే ఇవ్వండి.

ఆ రాత్రి జవాబు రెండు పేర్లు: చీటీ, ఫాల్స్. లెక్క, ఫాల్స్. కాటా లేదు. పాత వెర్షన్‌లో కాటా ఒకే ఒక్క ఫైలు. ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకో కంపెనీ వేబ్రిడ్జి కొన్నారు కాబట్టి, రెంటికీ చెరొక ఫైలు రాసి కాటాను ఫోల్డర్‌గా మార్చాను. ఆ ఫోల్డర్ ఎక్కించే దారిలో ఎక్కడో జారిపోయింది.

అదే వరుసను నా ల్యాప్‌టాప్‌లో కొట్టి చూశాను. అక్కడా అవే రెండు పేర్లు. కాటా లేదు. కానీ నా దగ్గర కాటాను ఇంపోర్ట్ చేస్తే హాయిగా అవుతోంది. జాబితాలో లేనిది ఇంపోర్ట్ ఎట్లా అవుతోంది? పన్నెండున్నర దాకా దాని ముందే కూర్చున్నాను.

జవాబు డండర్ ఇనిట్ ఫైలులో ఉంది. కొత్త కాటా ఫోల్డర్‌లో నేను దాన్ని పెట్టలేదు. పైథాన్ 3.3లో పీఈపీ 420 అనే మార్పు వచ్చింది. అప్పటినుంచి ఇనిట్ లేని ఫోల్డర్‌ను కూడా ఇంపోర్ట్ చేయొచ్చు. దాన్ని నేమ్‌స్పేస్ ప్యాకేజీ అంటారు. ఒకే పేరు కింద వేర్వేరు చోట్ల ఉన్న ముక్కలను కలపడానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. అయితే పీకేజీయుటిల్ ఇనిట్ లేని ఫోల్డర్‌ను ప్యాకేజీగా లెక్కపెట్టదు, దాటిపోతుంది. ఇంపోర్ట్‌కు కనిపించినది జాబితాకు కనిపించలేదు.

ఒక్క పేరు గురించి ఇలాంటి అనుమానం వస్తే ఇంపోర్ట్‌లిబ్ డాట్ యుటిల్‌లో ఫైండ్ అండర్‌స్కోర్ స్పెక్ ఉంది. పూర్తి పేరు కొటేషన్లలో ఇచ్చి అడగాలి. దొరక్కపోతే నన్, అంటే ఏమీ లేదు, అని ఇస్తుంది. దొరికితే ఆ పేరు వివరాలున్న స్పెక్ అనే వస్తువు వస్తుంది, అందులో రెండు గుణాలు చూడండి. సబ్‌మాడ్యూల్ సెర్చ్ లొకేషన్స్‌లో దారులుంటే అది ప్యాకేజీ, నన్ అయితే మామూలు మాడ్యూల్. ఆరిజిన్‌లో ఇనిట్ ఫైలు దారి కనిపిస్తే మామూలు ప్యాకేజీ. దారులున్నా ఆరిజిన్ నన్ అని వస్తే అది నేమ్‌స్పేస్ ప్యాకేజీ. నా కాటాకు నన్ వచ్చింది. పేరులో డాట్లుంటే పైన ఉన్న ప్యాకేజీలను ఫైండ్ స్పెక్ ఇంపోర్ట్ చేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

మరి ఫ్యాక్టరీలో ఎందుకు పోయింది? వీల్ కట్టే సెటప్ ఫైలులో నేను సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీలు కట్టే సాధనంలోని ఫైండ్ అండర్‌స్కోర్ ప్యాకేజెస్ వాడాను. అది ఇనిట్ ఉన్న ఫోల్డర్లనే ఏరుతుంది. ఇనిట్ లేని ఫోల్డర్ ఎదురైతే అక్కడే ఆగిపోతుంది, దాని లోపల ఇనిట్ ఉన్నవి ఉన్నా దిగదు. కాటా వీల్‌లోకి ఎక్కనే లేదు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం కోడ్ ఉన్న ఫోల్డర్ నుంచే నడుపుతాను కాబట్టి డిస్క్ మీదున్న కాటా దొరుకుతోంది.

దీనికి అన్న లాంటిది ఫైండ్ నేమ్‌స్పేస్ ప్యాకేజెస్. అది ఇనిట్ లేనివాటినీ తీసుకుంటుంది. కానీ దాన్ని హద్దు లేకుండా వదిలేస్తే డాక్స్, డేటా, బిల్డ్ లాంటి ఫోల్డర్లను కూడా ప్యాకేజీలని లాక్కొస్తుంది, వేర్ అనే చోట సరైన ఫోల్డర్‌ను చూపించాలి. సెటప్ ఫైలుకు బదులు వాడే పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ ఫైలులో ఫైండ్ విభాగం రాస్తే మనం ఏమీ చెప్పకపోయినా ఈ రెండో పద్ధతే నడుస్తుంది, నేమ్‌స్పేసెస్‌ను ఫాల్స్ చేస్తేనే పాతది. సెటప్ ఫైలు నుంచి టామ్ల్‌కు మారేవాళ్ళు జాబితాను ఒకసారి పోల్చుకోవాలి. ఎక్స్‌క్లూడ్‌లో ఉత్త టెస్ట్స్ అని రాస్తే ఆ ఒక్క ప్యాకేజీ మాత్రమే పోతుంది, లోపలివి మిగిలిపోతాయి. టెస్ట్స్ పక్కన నక్షత్రం పెట్టండి. నా వరకు నేను ప్రతి ఫోల్డర్‌లో ఇనిట్ పెట్టి, ఫైండ్ ప్యాకేజెస్‌నే ఉంచుకున్నాను. ఒక్కరే చూసుకునే చిన్న ప్యాకేజీకి నేమ్‌స్పేస్ అవసరం లేదు.

ఇప్పుడు లోతుగా, అన్ని అంతస్తులూ ఒకేసారి జాబితా తీయడం. ఐటర్ మాడ్యూల్స్ ఒక్క అంతస్తే చూస్తుంది. కిందికంతా దిగేది వాక్ అండర్‌స్కోర్ ప్యాకేజెస్, అదీ పీకేజీయుటిల్‌లోదే. దాన్ని ఇలా పిలవాలి:

పీకేజీయుటిల్ డాట్ వాక్ అండర్‌స్కోర్ ప్యాకేజెస్, బ్రాకెట్, మండి డాట్ డండర్ పాత్, కామా, కొటేషన్‌లో మండి డాట్, బ్రాకెట్ మూసి.

ఆ రెండోది, కొటేషన్‌లో పెట్టిన పేరూ దాని చివరి చుక్కా, ప్రిఫిక్స్. అది అలంకారం కాదు. లోపలికి దిగాలంటే ఈ ఫంక్షన్ ఒక్కో సబ్‌ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, దాని డండర్ పాత్ తీసుకోవాలి. ప్రిఫిక్స్ ఇవ్వకపోతే మండి డాట్ తూకం అనడానికి బదులు ఉత్త తూకం అని ఇంపోర్ట్ చేయబోతుంది. అలాంటిది ఎక్కడా లేదు, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది, దాన్ని మౌనంగా మింగేస్తుంది. మనకు పై అంతస్తు పేర్లు మాత్రం వచ్చి, లోపలివి ఏవీ రావు. తప్పు జరిగిందని చెప్పే మాట ఒక్కటీ ఉండదు.

నా దగ్గర ఇంకో వింత కూడా జరిగింది. రోజువారీ లెక్క యజమానికి పంపడానికి మండిలో ఈమెయిల్ అనే సబ్‌ప్యాకేజీ ఉంది. ప్రిఫిక్స్ లేకుండా నడిపినప్పుడు జాబితాలో ఈమెయిల్ డాట్ మైమ్, ఈమెయిల్ డాట్ చార్‌సెట్ లాంటివి పెద్ద వరుసగా వచ్చాయి. నేను రాయనివి నా ప్యాకేజీలో! పైథాన్‌తో వచ్చే ఈమెయిల్ ప్యాకేజీ పేరూ అదే కదా. ఉత్త ఈమెయిల్‌ను ఇంపోర్ట్ చేస్తే అది దొరికింది, దాని లోపలికి దిగి అక్కడి పేర్లన్నీ నా జాబితాలో కలిపింది. నా ఈమెయిల్ లోపలివేమో ఒక్కటీ రాలేదు. ప్రిఫిక్స్, చివర చుక్క, రెండూ పెట్టాక అంతా సరిగ్గా వచ్చింది.

వాక్ ప్యాకేజెస్ విషయంలో నేను జాగ్రత్తగా ఉండటానికి అసలు కారణం వేరే. ఇంపోర్ట్ చేయడమంటే ఆ ఇనిట్‌లో ఉన్న కోడ్‌ను నడపడం. ఒక దశలో కాటా ఇనిట్‌లో సీరియల్ పోర్టు తెరిచే వరుస రాశాను. జాబితా తీద్దామని నడిపితే అది వేబ్రిడ్జి పోర్టు తెరవబోయింది. పోర్టు అప్పటికే తూకం ప్రోగ్రామ్ చేతిలో ఉంది కాబట్టి ఎర్రర్‌తో ఆగిపోయింది. ఇంపోర్ట్ ఎర్రర్ అయితే మింగేస్తుంది గానీ, వేరే ఎర్రర్‌ను అలాగే పైకి విసురుతుంది. ఆన్‌ఎర్రర్ అనే చోట మన ఫంక్షన్ ఒకటి ఇస్తే రెండు రకాలకూ దాన్ని ప్యాకేజీ పేరుతో పిలుస్తుంది, జాబితా ఆగకుండా సాగుతుంది. ఎప్పుడూ ఒకటి ఇవ్వండి, కనీసం పేరు ప్రింట్ చేసేది. మింగేసిన ఎర్రర్ల వల్ల జాబితాలో పడే ఖాళీలు అప్పుడే బయటపడతాయి. పోర్టు తెరిచే వరుసను నేను ఇనిట్ నుంచి తీసి విడి ఫంక్షన్‌లో పెట్టాను, అది ఉండాల్సిన చోటు అదే.

ఇంపోర్ట్ లేకుండానే కిందికి దిగాలంటే దారి ఉంది. ఐటర్ మాడ్యూల్స్ ఇచ్చే మూడింటిలో మొదటిది ఫైండర్ అన్నాను కదా. ఎం డాట్ మాడ్యూల్ అండర్‌స్కోర్ ఫైండర్ డాట్ ఫైండ్ అండర్‌స్కోర్ స్పెక్, బ్రాకెట్లో ఎం డాట్ నేమ్ అని అడిగితే స్పెక్ వస్తుంది. దాని సబ్‌మాడ్యూల్ సెర్చ్ లొకేషన్స్‌ను మళ్ళీ ఐటర్ మాడ్యూల్స్‌కు ఇవ్వాలి, ప్రిఫిక్స్‌గా ఎం డాట్ నేమ్‌కు చుక్క కలిపి. ఇజ్‌పీకేజీ ట్రూ ఉన్నంతవరకు తనను తానే పిలుచుకునే చిన్న ఫంక్షన్, ఆరు వరుసలకు మించదు. ఫ్యాక్టరీ మెషీన్‌లో నేను వాడేది ఇదే.

జాబితాలో వచ్చిన ప్రతి మాడ్యూల్‌నూ ఇంపోర్ట్‌లిబ్‌తో లోడ్ చేసుకునే ప్లగిన్ పద్ధతి రాసేవాళ్ళకు ఒక మాట. డండర్ మెయిన్ ఫైలు ఉంటే అది కూడా జాబితాలో వస్తుంది. దాన్ని ఇంపోర్ట్ చేస్తే చాలాసార్లు ప్రోగ్రామే మొదలైపోతుంది. ఆ పేరును పక్కన పెట్టండి.

ఏది తీసినా, ఎక్కడ నిలబడి తీస్తున్నారో చూసుకోండి. కోడ్ ఉన్న ఫోల్డర్‌లో పైథాన్ తెరిస్తే ఆ ఫోల్డరే మొదట వెతుకుతుంది. మీరు ఎక్కించిన ప్యాకేజీని చూస్తున్నాననుకుంటారు, చూసేది మీ సొంత ఫైళ్ళను. నా ల్యాప్‌టాప్ ఇన్నాళ్ళూ కాటా ఉందని చెప్పింది ఇందుకే. వేరే ఫోల్డర్‌లోకి పోయి తెరవండి, లేదా 3.11 నుంచి పైథాన్ పక్కన హైఫన్ పెద్ద పి పెట్టండి. ముందుగా మండి డాట్ డండర్ పాత్ ప్రింట్ చేసి, అందులో సైట్ ప్యాకేజెస్ అన్న మాట, అంటే పిప్ ఎక్కించినవి ఉండే ఫోల్డర్ పేరు, కనిపించాకే జాబితా తీయండి.

పంపే ముందు వీల్‌నే తెరిచి చూడటం ఇంకా మంచిది. అది నిజానికి ఒక జిప్ ఫైలు. పైథాన్, హైఫన్ ఎం, జిప్‌ఫైల్, హైఫన్ ఎల్, వీల్ ఫైలు పేరు అని కొడితే లోపలి ఫైళ్ళన్నీ వరుసగా వస్తాయి. దీనితో పాటు నా టెస్టుల్లో ఒకటి చేర్చాను: పాత్‌లిబ్ వారి ఆర్‌గ్లాబ్‌తో మండి కింద ఉన్న డాట్ పై ఫైళ్ళన్నీ వెతికి, ఒక్కోదాని ఫోల్డర్‌లో డండర్ ఇనిట్ ఉందో లేదో చూస్తుంది. లేకపోతే ఆ ఫోల్డర్ పేరు చెప్పి ఆగుతుంది.

తెల్లారి మొదటి బస్సుకే చిత్తూరు పోయాను. కొత్త వీల్ ఎక్కించి, ఆ అబ్బాయి పక్కన నిలబడి జాబితా తీయించాను. తూకం, కాటా, రైతు, బ్యాంకు, బిల్లు, ఈమెయిల్. మొత్తం ఆరు. ఆ ఆరు పేర్లూ అతను తూకం చీటీ వెనక రాసి మానిటర్ పక్కన అంటించుకున్నాడు. ఇప్పుడు కొత్త వెర్షన్ పంపినప్పుడల్లా బండ్లు రాకముందే జాబితా తీసి, ఫోన్‌లో పేరుపేరునా చదివి వినిపిస్తాడు. "ఆరూ ఉండాయక్కా" అన్నాకే పాతది తీసేయమంటాను.